కనిపించలేదన్నది జవాబు కాదు: మూత్రనాళం, ధమని, జంటనగరాల వైద్య చరిత్ర

ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ గురువుగారు తన గురించి సభల్లో పొగడటాన్ని బతికుండగా ఒప్పుకునేవారు కారు. ఈ రోజూ ఆ మర్యాద పాటిస్తాను. ఆయన దగ్గర పనిచేసినవారందరికీ తెలిసిన ఒక్క అలవాటును మాత్రం ప్రస్తావిస్తాను. వార్డులో ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూసే ముందు ఆయన రోగి పాత కాగితాలన్నీ తిరగేసేవారు. నేను ఈ సాయంత్రం చెప్పబోయేదంతా ఒక రకంగా ఆ అలవాటుకు వ్యాఖ్యానమే.

ఎంచుకున్న విషయం చాలామంది వైద్యులు తమ వృత్తిజీవితం మొత్తంలో ఒక్కసారైనా చూడనిది. మూత్రపిండం నుంచి మూత్రాన్ని కిందికి తెచ్చే నాళానికీ, కాలికీ కటిభాగానికీ రక్తాన్ని మోసే పెద్ద ధమనికీ మధ్య అసహజంగా ఒక దారి తెరుచుకోవడం. వైద్య గ్రంథాల్లో దీన్ని యురెటెరో-ఆర్టీరియల్ ఫిస్టులా అంటారు. 2009లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రచురిత సాహిత్యాన్ని గాలించి ఒకచోట కూర్చినప్పుడు తేలినవారు 139 మంది. ఇంత అరుదైన జబ్బు మీద స్మారకోపన్యాసం ఎందుకని నిర్వాహకులు మర్యాదగానే అడిగారు. అది అడగవలసిన ప్రశ్నే.

నా సమాధానం రెండు మాటలు. మొదటిది, ఈ జబ్బులో ఎక్కువ భాగం ప్రకృతి తెచ్చిపెట్టింది కాదు. మనం చేసిన చికిత్సల నుంచి పుట్టింది. క్యాన్సర్ ఆపరేషన్, రేడియేషన్, మూత్రనాళంలో ఏళ్ల తరబడి ఉంచే స్టెంటు, ధమనులకు చేసే బైపాస్, ఈ నాలుగింటిలో రెండో మూడో ఒకే మనిషి శరీరంలో కలిసినచోట ఇది మొలకెత్తుతుంది. రెండవది, దీన్ని పట్టుకోవడంలో మన అత్యుత్తమ యంత్రాలు తరచుగా విఫలమవుతాయి. రోగి గతం తెలిసిన వైద్యుడి అనుమానమే దీన్ని పట్టిస్తుంది. ఆ అనుమానాన్ని యంత్రం బలపరచవచ్చు, బలపరచకపోవచ్చు. బలపరచనప్పుడు వైద్యుడు ఏం చేస్తాడన్న దాని మీద రోగి ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఇది కేవలం యూరాలజీ వార్డుకు సంబంధించిన విషయంగా నాకు తోచదు. కనబడనిదాన్ని లేనిదిగా ఎప్పుడు లెక్కించవచ్చు, ఎప్పుడు లెక్కించకూడదు అన్న ప్రశ్నకు ఈ జంటనగరాల్లోనే, నూట పాతికేళ్లకు ముందు, ఒక పదేళ్ల వ్యవధిలో రెండు విరుద్ధమైన సమాధానాలు దొరికాయి. వాటి దగ్గరికి తరువాత వస్తాను.

ముందు శరీర నిర్మాణం. మూత్రనాళం సుమారు 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవున్న సన్నని కండర గొట్టం. మూత్రపిండం దగ్గర మొదలై, వెన్నుకు ఇరుపక్కల కండరం మీదుగా దిగి, కటి అంచు దగ్గర ఇలియాక్ ధమనికి ముందునుంచి దాటి, మూత్రాశయంలో కలుస్తుంది. బృహద్ధమని బొడ్డు ఎత్తున రెండుగా చీలి కామన్ ఇలియాక్ ధమనులవుతుంది. అవి తిరిగి లోపలి, వెలుపలి శాఖలుగా చీలేచోటుకు అటూ ఇటూగా ఈ దాటు ఉంటుంది. నాళానికి సహజంగా ఉన్న మూడు ఇరుకుల్లో ఇదొకటి. ఆరోగ్యవంతుడిలో ఆ రెండిటి మధ్య మెత్తని కొవ్వు, పలుచని పొరలు ఉంటాయి. ధమని నిమిషానికి డెబ్బై సార్లు కొట్టుకుంటున్నా నాళం దాని మీద జారుతూ, కదులుతూ, తన పని తాను చేసుకుపోతుంది. ఒకదానికొకటి అడ్డు కాదు.

ఆ కదలిక ఆగిపోయినప్పుడు కథ మొదలవుతుంది. రేడియేషన్ తరువాత కణజాలం గట్టిపడుతుంది. ధమని గోడకు రక్తం అందించే అతి సన్నని నాళాలు మూసుకుపోయి గోడ లోపలినుంచి బలహీనపడుతుంది. గర్భాశయ క్యాన్సర్‌కో, పెద్దపేగు చివరి భాగపు క్యాన్సర్‌కో విస్తృతమైన ఆపరేషన్ జరిగి ఉంటే, మూత్రనాళం చుట్టూ ఉన్న పొరను ఒలిచిన చోట దానికీ రక్తప్రసారం తగ్గుతుంది. మచ్చకట్టిన కణజాలం నాళాన్ని ధమనికి అతికించేస్తుంది. అదే మచ్చ నాళాన్ని నొక్కి మూత్రం దిగకుండా చేస్తుంది కాబట్టి, మూత్రపిండాన్ని కాపాడటానికి మనం లోపల స్టెంటు పెడతాం. ఇప్పుడు అక్కడ ఒక బిరుసు గొట్టం, దాని మీద పలుచబడ్డ నాళపు గోడ, దానికి అతుక్కున్న బలహీనమైన ధమని గోడ. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ ధమని స్టెంటుకు ఒరుసుకుంటుంది. నెలలు, సంవత్సరాలు. చివరికి ఒకనాడు రెండు గోడలూ ఒకేచోట తెగుతాయి.

పెద్ద ధమని నుంచి మూత్రంలోకి దారి ఏర్పడితే రోగి క్షణాల్లో పోవాలి కదా అని విద్యార్థులు అడుగుతారు. ఎక్కువసార్లు అలా జరగదు, అదే మోసం. రంధ్రం చిన్నది. గడ్డకట్టిన రక్తం దాన్ని మూసేస్తుంది. లోపలి స్టెంటే బిరడాలా పనిచేస్తుంది. రోగికి ఒకరోజు మూత్రం ఎర్రగా వస్తుంది, ఆగిపోతుంది. వారం తరువాత మళ్లీ వస్తుంది, ఆగిపోతుంది. రక్తం ఎక్కించి ఇంటికి పంపిస్తాం. ఒక రాత్రి ఆ గడ్డ ఊడిపోతుంది.

మొదట నమోదైన కేసుగా సాధారణంగా చెప్పేది 1908 నాటిది. న్యూయార్క్ శస్త్రవైద్యుడు అలెక్సిస్ మాష్కొవిట్జ్ ఆ ఏడాది ‘ఆనల్స్ ఆఫ్ సర్జరీ’ పత్రికలో ప్రచురించాడు. రెండు మూత్రనాళాల్లోని రాళ్లను ఆపరేషన్ చేసి తీసిన తరువాత రక్తస్రావం మొదలైంది. దాన్ని ఆపటానికి ఆయన రెండు పక్కలా వెలుపలి ఇలియాక్ ధమనులను కట్టేయవలసి వచ్చింది. కాళ్లకు రక్తం తీసుకెళ్లే రెండు పెద్ద దారులనూ మూసేయడం తప్ప మరో మార్గం లేని స్థితి. ఆ రోగిని ఈ ఉపద్రవం దాకా తెచ్చింది మూత్రనాళంలో రాయి. రాళ్ల జబ్బు తెలంగాణలో ఏ ఊళ్లో అడిగినా ఇంటికొకరు చెప్పుకునే జబ్బు. ఈ అరుదైన విపత్తు మనకు పరాయిది కాదని చెప్పటానికే ఆ సంగతి గుర్తుచేస్తున్నాను.

ఆ తరువాతి వందేళ్లలో ఈ జబ్బు పెరగటానికి కారణం వైద్యం విఫలం కావడం కాదు. వియన్నాలో వెర్ట్‌హైమ్ 1898లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు విస్తృత శస్త్రచికిత్స మొదలుపెట్టాడు. అదే సంవత్సరం పారిస్‌లో క్యూరీ దంపతులు రేడియంను కనుగొన్నారు. ఆ తరువాత కొద్ది సంవత్సరాల్లోనే అది క్యాన్సర్ చికిత్సలోకి వచ్చింది. 1950లో యూజిన్ బ్రికర్ చిన్నపేగు ముక్కతో మూత్రానికి కొత్త దారి కట్టే పద్ధతిని ప్రచురించాడు. ఆ ఆపరేషన్‌లో ఎడమ మూత్రనాళాన్ని పెద్ద రక్తనాళాల మీదుగా కుడివైపుకు తీసుకురావాలి, అంటే దాటు మరింత పొడవవుతుంది. 1967లో జిమ్‌స్కిండ్ సిలికోన్ గొట్టాలను మూత్రనాళంలో దీర్ఘకాలం ఉంచవచ్చని చూపాడు. 1978లో రాయ్ ఫిన్నీ రెండు చివరలా కొక్కెంలా వంగిన స్టెంటును పరిచయం చేశాడు. దాన్నే మన ఆస్పత్రుల్లో వార్డుబాయ్ నుంచి ప్రొఫెసర్ దాకా అందరూ ‘డీజే’ అంటారు. ఈ ఆవిష్కరణల్లో ప్రతి ఒక్కటీ లక్షల ప్రాణాలు నిలిపింది. ప్రతి ఒక్కటీ విడివిడిగా చూస్తే నిర్దోషి. ఒకప్పుడు క్యాన్సర్‌తో రెండేళ్లలో పోయే మనిషి ఇప్పుడు పదిహేనేళ్లు బతుకుతోంది కనుక, ఆ పదిహేనేళ్లలో ఆమె ధమనికీ స్టెంటుకూ మధ్య రాపిడి జరగటానికి సమయం దొరికింది.

మన దగ్గర ఈ కలయికకు కావలసిన పరిస్థితులన్నీ ఉన్నాయి. భారతదేశంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఏటా లక్షకు పైగా స్త్రీలకు వస్తోంది. స్త్రీలలో వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తరువాత స్థానం దానిదే. చాలామంది ఆలస్యంగా వస్తారు కాబట్టి ఆపరేషన్ కన్నా రేడియేషనే ప్రధాన చికిత్స అవుతుంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేర వెలసిన ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి 1950ల నుంచి ఈ భారం మోస్తోంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, అంతకుముందు రేడియేషన్ మాటే ఎరగని ఇళ్ల నుంచి స్త్రీలు చికిత్స పూర్తిచేసుకుని ఇంటికి వెళ్లారు. అది గొప్ప విజయం. ఆ విజయానికి వెన్నంటి వచ్చే బాధ్యత ఒకటుంది: వారిని ఇరవై ఏళ్ల తరువాత కూడా గుర్తుపెట్టుకోవడం.

ఒక స్త్రీని ఊహించుకుందాం. యాభై అయిదేళ్లు. మెదక్ వైపు పల్లె. పదేళ్ల కింద రేడియేషన్ అయింది. రెండేళ్ల తరువాత ఎడమ మూత్రపిండం ఉబ్బితే మరో ఆస్పత్రిలో డీజే పెట్టారు. మూడు నుంచి ఆరు నెలలకొకసారి మార్చాలని చెప్పారు. కొన్నిసార్లు మార్పించుకుంది, కొన్నిసార్లు పంట పనుల్లో, పెళ్లిళ్లలో వాయిదా పడింది. ఇప్పుడు మూత్రంలో రక్తం పడుతోందని కొడుకు రైలెక్కించి సికింద్రాబాద్ తీసుకొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో మొన్నటి స్కానింగ్ ఉంది, నిన్నటి రక్తపరీక్ష ఉంది. పదేళ్ల కిందటి రేడియేషన్ కాగితం లేదు. ఎమర్జెన్సీలో ఉన్న యువ వైద్యుడు రేడియేషన్ తీసుకున్నారా అని అడుగుతాడు. లేదంటుంది. కరెంటు పెట్టించుకున్నావా అమ్మా అని అడిగితే తప్ప అవునని చెప్పదు. ఆ ఒక్క ప్రశ్న అడగటానికి ఓపిక ఉన్న వైద్యుడు ఆ రాత్రి డ్యూటీలో ఉన్నాడా లేదా అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంది.

ఎందుకంటే ఆమె రక్తస్రావానికి వేరే కారణాలు చాలా సులువుగా దొరుకుతాయి. స్టెంటు ఒరుసుకోవడం ఒకటి, ఇన్‌ఫెక్షన్ ఒకటి. రేడియేషన్ వల్ల పుండుపడ్డ మూత్రాశయం, తిరగబెట్టిన క్యాన్సర్ మరో రెండు. ఇవన్నీ ఈ ఫిస్టులా కన్నా వందల రెట్లు సాధారణం. స్టెంటు ఉన్నాక కాస్త రక్తం మామూలే అని మనమందరం రోగులకు ధైర్యం చెబుతాం, నిజానికి ఎక్కువసార్లు అది నిజమే. కాని ఆ మాట ఈ ఒక్క సందర్భంలో ప్రాణాంతకం. కటిభాగంలో రేడియేషన్ లేదా పెద్ద ఆపరేషన్, దీర్ఘకాలం స్టెంటు, వచ్చిపోయే రక్తస్రావం, ఈ మూడూ ఒకే మనిషిలో కలిస్తే మరో కారణం రుజువయ్యే దాకా ఫిస్టులాగానే భావించాలి. బృహద్ధమని, ఇలియాక్ ధమనుల ఉబ్బు ఉన్నవారిలో, ధమని బైపాస్ అయినవారిలో క్యాన్సర్ ఆపరేషన్ చరిత్ర లేకపోయినా అంతే జాగ్రత్త.

అనుమానం వచ్చాక పరీక్షలు. మూత్రాశయం లోపలికి గొట్టంతో చూసే సిస్టోస్కోపీలో ఒక మూత్రనాళపు ద్వారం నుంచి రక్తం నాడి కొట్టినట్టు చిమ్మితే అది దాదాపు నిర్ధారణే. కాని గడ్డ పట్టిన క్షణంలో చూస్తే ఏమీ కనిపించదు. సీటీ యాంజియోగ్రామ్ చాలామందిలో, సుమారు సగంమందిలో, ఈ దారిని చూపలేకపోతుంది. దానిలో కనిపించేవి చిన్న ఆధారాలు మాత్రమే: స్టెంటు ధమనిని ఒరుసుకుంటూ పోయే చోట ధమని అంచు కొద్దిగా ఉబ్బడం, చిన్న పొక్కులాంటి సూడోఅన్యూరిజం, నాళంలో గడ్డకట్టిన రక్తం. నాళంలోకి కింది నుంచి మందు ఎక్కించి ఫిల్ము తీసే పాత పద్ధతి అప్పుడప్పుడు ఆశ్చర్యంగా ధమనిని నింపి చూపిస్తుంది. తొడ దగ్గర ధమనిలోకి గొట్టం పంపి తీసే యాంజియోగ్రామ్ కూడా, మామూలుగా బృహద్ధమనిలోకి మందు చిమ్మి తీస్తే, తరచుగా శుభ్రంగా వస్తుంది. రిపోర్టులో ‘సాధారణం’ అని రాస్తారు. రోగిని వార్డుకు పంపిస్తారు. ఇంతకాలంగా ప్రచురితమైన ఎన్నో కేసుల్లో ఈ వాక్యం పదేపదే కనిపిస్తుంది.

ఇక్కడ మన ఊరి చరిత్రలోకి వెళతాను.

1888లో హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫామ్ మీద ఒక కమిషన్ ఏర్పాటు చేశాడు. లారీ ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ శిష్యుడు. క్లోరోఫామ్ ఇచ్చేటప్పుడు శ్వాసను గమనిస్తే చాలు, నాడిని చూడనక్కరలేదని గురువు దగ్గర నేర్చుకున్నాడు. కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్‌తో ముందు ఆగేది శ్వాసే, గుండె కాదు అని తేల్చింది. లండన్ నమ్మలేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, ‘లాన్సెట్’ పత్రిక తరపున ఒక నిపుణుణ్ణి హైదరాబాద్ రప్పించాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. రెండవ కమిషన్ వందల జంతువుల మీద ప్రయోగాలు చేసింది, రక్తపీడనపు గీతలు గీసింది, మళ్లీ అదే తేల్చింది. బ్రంటన్ సందేహంతో వచ్చి నమ్మకంతో వెళ్లాడు. ఆ కాలానికి ప్రపంచంలో అంత విస్తృతమైన మత్తు ప్రయోగాలు అరుదు. అయినా రోగులు బల్ల మీద హఠాత్తుగా గుండె ఆగి చనిపోతూనే ఉన్నారు. 1911లో గుడ్‌మన్ లెవీ అసలు సంగతి బయటపెట్టాడు: లోతైన మత్తులో కాదు, తేలికపాటి మత్తులో ఉద్వేగం, అడ్రినలిన్ కలిసినప్పుడు గుండె కింది గదులు అదుపుతప్పి వణికి ఆగిపోతాయి. హైదరాబాద్ ప్రయోగాల్లో గుండెకు ప్రమాదం కనిపించకపోవటానికి కారణం, ఆ ప్రమాదం పుట్టే పరిస్థితిని వారు సృష్టించకపోవడమే. పరిశ్రమలో లోపం లేదు, నిజాయితీలో లోపం లేదు. చూడవలసిన సమయంలో చూడలేదు, అంతే.

ఆ రెండవ కమిషన్‌కు ఎనిమిదేళ్ల తరువాత రెండో సంఘటన. ఇది సికింద్రాబాద్‌దే. రోనాల్డ్ రాస్ 1895 నుంచి దోమలను కోసి చూస్తున్నాడు. పాట్రిక్ మ్యాన్సన్ 1894లో చెప్పిన ఊహ, మలేరియాకు దోమ సంబంధం ఉందన్నది, రాస్‌ను వెంటాడుతోంది. రెండేళ్ల పాటు వందల దోమలు కోశాడు, ఏమీ కనిపించలేదు. ఆ వందల శూన్య ఫలితాలను చూసి మ్యాన్సన్ ఊహ తప్పని తేల్చేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. రాస్ మరో రకంగా ఆలోచించాడు: చూస్తున్న దోమ జాతి సరైనదేనా? 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమల్ని పెంచి, మలేరియాతో ఉన్న హుసేన్ ఖాన్ అనే రోగిని ఆ దోమలచేత కుట్టించాడు. ఆగస్టు 20న, బేగంపేటలో, అలాంటి దోమ కడుపు గోడ మీద మలేరియా రంగు రేణువులున్న గుండ్రని కణాలు కనిపించాయి. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనం ఇప్పుడు రాస్ పేరుతోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఉంది. రోజూ దాని పక్కనుంచి వెళ్లే మనలో ఎందరు లోపలికి వెళ్లి చూశారో నాకు అనుమానమే.

లారీకీ రాస్‌కీ ఆ కాలపు పరికరాలు అందుబాటులో ఉన్నవే, సహనమూ ఇద్దరిదీ ఒకటే. లారీ తన శూన్య ఫలితాన్ని జవాబుగా తీసుకున్నాడు. రాస్ తన శూన్య ఫలితాన్ని ప్రశ్నగా తీసుకున్నాడు. ఈ ఫిస్టులా విషయంలో ఖచ్చితంగా ఈ తేడాయే రోగి బతుకును నిర్ణయిస్తుంది. స్టెంటు లోపల ఉండగా తీసిన యాంజియోగ్రామ్ శుభ్రంగా రావడం అంటే, రంధ్రాన్ని మూసిన బిరడా తియ్యకుండా రంధ్రం లేదనడమే.

అందుకే అనుమానం బలంగా ఉన్నచోట యాంజియోగ్రామ్‌ను వేరే విధంగా చెయ్యాలి. ముందుగా తొడ ధమనిలో దారి సిద్ధంగా ఉంచుకోవాలి. మందును బృహద్ధమనిలో కాక నేరుగా ఆ పక్క ఇలియాక్ ధమనిలోకి చిమ్మాలి. ఫిల్ములు నేరుగానూ, ఏటవాలుగానూ తీయాలి. అప్పటికీ కనిపించకపోతే, మూత్రనాళంలోని స్టెంటును సన్నని తీగ మీదుగా మెల్లగా వెనక్కి లాగుతూ మళ్లీ తీయాలి. దారి ఉంటే ఆ క్షణంలో తెరుచుకోవచ్చు. తెరుచుకుంటే రక్తం వెల్లువలా వస్తుంది. కాబట్టి ఈ పరీక్షకు అర్హత యంత్రానిది కాదు, సన్నద్ధతది. బెలూను క్యాథెటర్ ఊది నాళాన్ని మూయగల యూరాలజిస్టు, ధమనిలో గుడ్డ తొడుగున్న కవర్డ్ స్టెంటు తెరవగల ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, కడుపు తెరవగల వ్యాస్కులర్ సర్జన్, మత్తు వైద్యుడు, నాలుగైదు యూనిట్ల రక్తం, వీరందరూ వీటన్నిటితో ఒకే గదిలో ఉండాలి. మామూలు స్టెంటు మార్పిడి అనుకుని సాయంత్రం ఓపీ ప్రొసీజర్ గదిలో లాగిన స్టెంటు వెనుక ఈ వెల్లువ వచ్చిన సందర్భాలు ప్రచురిత కేసుల్లో ఎన్నో ఉన్నాయి. అలాంటిచోట తీగను బయటకు లాగేయకుండా ఉంచుకోవడం అనే చిన్న జాగ్రత్త ప్రాణం నిలుపుతుంది.

అన్నీ చేసినా కనిపించకపోవచ్చు. అప్పుడు కూడా, చరిత్ర బలంగా ఉండి వేరే కారణం దొరకనప్పుడు, నాళం ధమనిని దాటేచోట కవర్డ్ స్టెంటు పెట్టేయడమే సరైనదని నా అభిప్రాయం; ఈ జబ్బును ఎక్కువగా చూసిన కేంద్రాలు చాలావరకు అదే చేస్తున్నాయి. చూడని దానికి చికిత్స చేయడం శాస్త్రీయం కాదనే స్నేహితులున్నారు. చూడలేకపోవటానికి కారణం ముందే తెలిసినప్పుడు, ఆ చూడలేకపోవడాన్ని లెక్కలోకి తీసుకోవడమే శాస్త్రీయమని వారికి నా వినయపూర్వక సమాధానం.

చికిత్స చరిత్ర చెప్పేటప్పుడు ఒక మనిషిని తలచుకోకుండా ఉండలేను. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డే అనే చిన్న ఊరి ఆస్పత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు తన చేతి సిర గుండా ఒక గొట్టాన్ని గుండె దాకా తోసుకుని, ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఆ గొట్టం మూత్రనాళంలో వాడే యురెటెరిక్ క్యాథెటర్. అదే సంవత్సరం లిస్బన్‌లో రేనాల్డో డాస్ శాంటోస్ బృందం బృహద్ధమనిని తొలిసారి ఎక్స్‌రేలో చూపించింది. ఫోర్స్‌మన్‌ను ఆనాటి పెద్దలు ఆదరించలేదు. ఆయన తరువాత యూరాలజిస్టుగా స్థిరపడ్డాడు. 1956లో నోబెల్ బహుమతి వచ్చిందన్న వార్త అందేనాటికీ ఆయన చేస్తున్నది యూరాలజీయే. మూత్రనాళపు గొట్టం రక్తనాళాల్లోకి వెళ్లి కొత్త వైద్యశాఖకు దారితీసింది. ఇవాళ ఆ శాఖే తిరిగివచ్చి మూత్రనాళానికీ ధమనికీ పడ్డ దారిని మూస్తోంది.

ఆ శాఖ ఎదగటానికి కాలం పట్టింది. 1953లో సెల్డింగర్ సూది, తీగ, గొట్టం పద్ధతిని చెప్పాడు. 1964లో చార్లెస్ డాటర్ మూసుకుపోయిన కాలి ధమనిని లోపలి నుంచే తెరిచాడు. 1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో జువాన్ పరోడి బృహద్ధమని ఉబ్బుకు లోపలి నుంచి గుడ్డ తొడుగున్న స్టెంటు అమర్చాడు. ఆ దశాబ్దం ముగిసేలోపు ఇదే పద్ధతి మన ఫిస్టులాకూ వచ్చింది. అంతకు ముందు ఆపరేషనే దిక్కు. రేడియేషన్‌తో, పాత ఆపరేషన్లతో రాయిలా గడ్డకట్టిన కటిలో ధమనిని వెదికి, కట్టి, కాలికి రక్తం పోవటానికి ఒక తొడ నుంచి మరో తొడకు బైపాస్ కట్టి, తరచు మూత్రపిండాన్నీ తీసేయవలసి వచ్చేది. రక్తం కోల్పోయి నీరసించిన రోగికి అది ఎంత భారమో చెప్పనక్కర లేదు. ఇవాళ తొడ దగ్గర చిన్న గాటుతో, ఎక్కువమందిలో, గంటలోపు రక్తస్రావం ఆగుతుంది. రంధ్రం ధమని చీలేచోటుకు దగ్గరగా ఉంటే లోపలి ఇలియాక్ శాఖను కాయిల్స్‌తో మూసి, ఆ తరువాత స్టెంటును వెలుపలి శాఖ దాకా పరుస్తారు. దానివల్ల నడిచేటప్పుడు పిరుదు నొప్పి రావచ్చు. ప్రాణంతో పోల్చితే అది చిన్న ధర.

కాని రక్తం ఆగడంతో పని అయిపోదు. ఉపన్యాసంలో అసలు బరువు ఇక్కడే ఉందని నా భావన. కవర్డ్ స్టెంటు అనే పరాయి వస్తువును మనం పెడుతున్నది మూత్రం తగులుతున్న చోట. ఆ మూత్రంలో తరచు ఇన్‌ఫెక్షన్ ఉంటుంది. స్టెంటుకు చీము పట్టవచ్చు, మూసుకుపోవచ్చు, నెలల తరువాత అంచుల దగ్గర మళ్లీ రక్తం కారవచ్చు. అందుకే మూత్రనాళాన్ని వీలైతే విశ్రాంతిలో ఉంచాలి: స్టెంటు తీసేసి, వీపు వైపు నుంచి మూత్రపిండంలోకి నెఫ్రాస్టమీ గొట్టం పెట్టి మూత్రాన్ని బయటకు మళ్లించాలి. మూత్రపిండం పనిచేయనిదైతే తీసేయడం మేలు. యాంటీబయాటిక్స్ ఎంతకాలం ఇవ్వాలన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. రక్తం పలుచబడే మందు సంగతి మరీ చిక్కు: స్టెంటు మూసుకుపోకుండా ఇవ్వాలి, రక్తస్రావం భయంతో ఇవ్వకూడదు. ప్రతి రోగికీ వేరుగా తూచవలసిందే.

ఖర్చు గురించి ఒక్కమాట. 2017 ఫిబ్రవరిలో కేంద్రం గుండె స్టెంట్ల ధరకు పరిమితి విధించినప్పుడు దేశమంతా హర్షించింది. ఆ ఉత్తర్వు గుండె రక్తనాళాల స్టెంట్లకే వర్తించింది. ఇలియాక్ ధమనిలో పెట్టే కవర్డ్ స్టెంటుకు కాదు. రాత్రి రెండు గంటలకు అవసరమయ్యే ఆ స్టెంటు సరైన కొలతలో ఆస్పత్రి బీరువాలో ఉండాలి. పెద్ద ప్రభుత్వాస్పత్రుల్లో అలాంటి రెండు మూడు కొలతలు ఎప్పుడూ నిల్వ ఉంచే ఏర్పాటు కష్టమేమీ కాదు. ఉంటే, అది ఏడాదిలో ఒకసారి వాడినా దాని ఖర్చు తీరినట్టే.

ఇక రోగి పాత కాగితాల సంగతి. సికింద్రాబాద్ 1806లో కంటోన్మెంటుగా, 1874లో రైల్వే కూడలిగా ఎదిగిన ఊరు. ఉత్తర తెలంగాణ నుంచి, మరాఠ్వాడా నుంచి, కర్ణాటక సరిహద్దుల నుంచి రోగులు ఈ స్టేషన్‌లోనే దిగుతారు. 1851లో ఇక్కడ చిన్న ఆస్పత్రిగా మొదలై, తరువాత గాంధీ పేరు పొంది, 2003లో ముషీరాబాద్ పాత జైలు స్థలానికి మారిన ఆస్పత్రి నుంచి కొత్త కార్పొరేట్ ఆస్పత్రుల దాకా ఒకే రోగి నాలుగు చోట్ల నాలుగు ఫైళ్లు పొందుతుంది. నాలుగూ ఒకదానికొకటి తెలియవు. 2021లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రారంభించింది. అది ఎప్పటికో పూర్తిగా పనికి వస్తుంది. అంతవరకూ మన చేతిలో ఉన్నది డిశ్చార్జి కాగితం. రేడియేషన్ ఎప్పుడు, ఎక్కడ, ఎంత మోతాదు. స్టెంటు పెట్టిన తేదీ, మార్చవలసిన తేదీ. తెలుగులో ఒక వాక్యం, మూత్రంలో రక్తం వస్తే ఈ కాగితంతో సహా పెద్దాస్పత్రికి వెళ్లాలని. రెండు నిమిషాల పని.

చివరిగా పోస్ట్‌గ్రాడ్యుయేట్ విద్యార్థులకు ఒక విన్నపం. మీరు చూసే ప్రతి అరుదైన కేసునూ, ముఖ్యంగా పట్టుకోలేకపోయిన కేసును, రాయండి. లారీ కమిషన్ తీర్పు తప్పింది కాని ఆ కమిషన్ తన రక్తపీడనపు గీతలన్నిటినీ దాచకుండా 1890లో ‘లాన్సెట్’లో అచ్చువేసింది. ఆ గీతలు బయట ఉన్నాయి కాబట్టే కేంబ్రిడ్జ్‌లో గాస్కెల్, షోర్‌లకు 1893లో వాటితో వాదించటానికి వీలైంది. లెవీ దాకా సాగిన విచారణకు అది ఒక మెట్టు. మూత్రనాళానికీ ధమనికీ మధ్య ఏర్పడే ఈ దారి విషయంలో కవర్డ్ స్టెంటు పదేళ్ల తరువాత ఏమవుతుందో చెప్పగల రోగులు ప్రపంచంలో ఇంకా కొద్దిమందే. వారిలో కొందరు మన ఓపీల్లో, మన రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండవచ్చు. వారి శూన్య యాంజియోగ్రాములు, మళ్లీ మొదలైన రక్తస్రావాలు, స్టెంటుకు చీము పట్టిన తేదీలు అన్నీ మీ థీసిస్‌లలో, మీ పత్రాల్లో ఉన్నది ఉన్నట్టు అచ్చుకావాలి.